కొల్లేటి కొర్రమీను ఎందుకు తగ్గుతోంది? రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొర్రమీను గట్టి చేప. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. చెరువు ఎండితే తడి బురదలో దాక్కుని కొంతకాలం ఉంటుంది. ఇంత ఓర్పున్న చేప కూడా కొల్లేరులో తగ్గిపోతోందంటే, దెబ్బ పెద్ద చేప మీద కాదు, గుడ్లు, పిల్లల మీద పడుతోందని గ్రహించాలి.

గుడ్లు పెట్టే చోటు

వానాకాలంలో జంట చేపలు ఒడ్డున, నాచు, గడ్డి ఉన్న లోతు తక్కువ నీటిలో గూడు చేస్తాయి. గుడ్లు నీటిపై తేలతాయి. పిల్లలు ఎర్రగా గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా ఉంటాయి. అందువల్ల లోతు తక్కువ అంచులే ఈ చేపకు ప్రసూతి గది.

ముఖ్యమైన ముప్పులు

• చేపల చెరువుల గట్లు ఈ అంచులనే ఆక్రమించాయి. కొల్లేరును 5వ కాంటూరు వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఎన్నో గట్లను తొలగించారు. అయినా ఆక్రమణల సమస్య పూర్తిగా తీరలేదు.
• బుడమేరు, తమ్మిలేరు, డ్రెయిన్ల ద్వారా పొలాల పురుగుమందులు, పట్టణాల మురుగు సరస్సులో కలుస్తున్నాయి. పెద్ద చేప తట్టుకున్నా, లేత పిల్లలు తట్టుకోలేవు.
• గుర్రపుడెక్క నీటిని పూర్తిగా కప్పితే, గాలి కోసం పైకి వచ్చే దారి మూసుకుపోతుంది.
• వేసవిలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది.
• పిల్లల గుంపు కనబడిన చోట వల వేసి కాపలా చేపలను పడితే, దిక్కులేని పిల్లలు ఇతర చేపల పాలవుతాయి.

రైతులు ఏం చేయాలి?

1. వాన వచ్చే సూచన ఉంటే మందు పిచికారీ వాయిదా వేయండి. మందు కొట్టిన మడి నీటిని వెంటనే డ్రెయిన్‌లోకి వదలకండి. స్ప్రేయర్లను, ఖాళీ డబ్బాలను కాలువలో కడగకండి.
2. కాలువ గట్టు శుభ్రం చేసేటప్పుడు ఒక అంచున కొంత గడ్డి ఉంచండి. గుర్రపుడెక్కను మాత్రం తీసి కంపోస్టు చేయండి.
3. ఎర్ర పిల్లల గుంపు ఉన్నచోట వల వేయకండి. కరెంటు, విషంతో చేపలు పట్టడం చట్టరీత్యా నేరం.
4. కొర్రమీను పెంచదలచినవారు సరస్సు పిల్లలను ఏరకుండా హేచరీ పిల్లలనే కొనండి. నిషేధం ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచకండి. వరదకు గట్టు తెగితే అది సరస్సులోని చేపలను తినేస్తుంది.

సరస్సు చేప మీ పొలంలో లేకపోయినా, మీ మడి నీరు దాని ఇంటికే చేరుతుంది. సందేహాలుంటే మీ మండల వ్యవసాయాధికారిని, మత్స్యశాఖ సిబ్బందిని సంప్రదించండి.