మాట పుట్టిన విధము

కృష్ణా జిల్లా కోడూరు మండలమున, హంసలదీవికి చేరువగా, సముద్రపుటొడ్డున పాలకాయతిప్ప యను పల్లె కలదు. నీటి చెంత ఎత్తుగా నిలిచిన యిసుకమేటను తిప్ప యందురు. ఆ సీమ ఊళ్ల పేర్లలో దీవి, లంక, దిబ్బ యను మాటలును తరచుగా వినవచ్చును. నేల నీటినుండి పైకి లేచిన తీరునుబట్టి అచటి జనులు దానికి పేర్లు పెట్టుకొనిరి. ఆ నేల కృష్ణానది మోసికొనివచ్చిన ఒండ్రుతో గడచిన కొన్నివేల యేండ్లలో ఏర్పడినది. మానవుని మాట అంతకంటె మిక్కిలి ప్రాచీనము.

ఎంత ప్రాచీనమో నిర్ణయించుట కష్టము. రాతిగొడ్డలి భూమిలో నిలుచును. పలికిన మాట గాలిలో కలిసిపోవును. ఊహలు మితిమీరుటచే, 1866లో పారిస్ నగరమందలి భాషాశాస్త్ర పరిషత్తు భాష పుట్టుకను గూర్చిన వ్యాసములను స్వీకరింపరాదని నియమమే చేసికొనెను. తరువాత కొన్ని యాధారములు దొరకినవి. 1983లో ఇజ్రాయేలునందలి కెబారా గుహలో, సుమారు 60,000 ఏండ్లనాటి నియాండర్తాల్ మానవుని అస్థిపంజరముతో, నాలుకకు ఆధారమైన గొంతు ఎముకయు లభించెను. అది మన యెముకను పోలియున్నది. పోలినంతమాత్రమున వారు మాటలాడిరని తేలదు గదా!

జర్మను పండితుడు లుడ్విగ్ నోరే, జనులు గుంపుగా పనిచేయునపుడు వెలువడిన కేకలే మాటలకు మూలమని తలచెను. తీరమున జాలరులు పెద్దవల లాగుట చూచినవారికి ఈ యూహ వెంటనే బోధపడును. వల రెండు కొనల త్రాళ్లను రెండు జట్లు పట్టుకొని సమముగా లాగవలెను. ఒక జట్టు తొందరపడినచో వల ఒరిగి చేపలు జారిపోవును. ఆ పూట శ్రమ వ్యర్థము. "హైలెస్సా" యను కేక అందరి చేతులను ఒక్కటి చేయును. కాని అది ఎదుటనున్న పనికే చాలును. "నిన్న తిప్పకు ఆవల చేపలు పడినవి, రేపు అటు పోవుదము" అని చెప్పవలెనన్నచో కేక చాలదు, మాటలు కావలెను. ఆ మాటల యర్థమునందు వినువారికిని సమ్మతి యుండవలెను.

అట్టి సమ్మతి కుదురుట మన కాలమున ఒకచోట కనబడినది. అది నోటిమాట కాదు, చేతిసంజ్ఞ. మధ్య అమెరికాయందలి నికరాగువాలో, 1970 దశకపు చివర, వినికిడి లేని బాలబాలికలను ఒక పాఠశాలలో చేర్చిరి. అంతకుముందు ఒక్కొక్కరి సైగలు వారి యింటివారికి మాత్రమే తెలియును. ఉపాధ్యాయులు పెదవుల కదలికనుబట్టి స్పానిషు నేర్పజూచిరి. అది అంతగా ఫలింపలేదు. పిల్లలు మాత్రము ఆటస్థలమున తమ సైగలను కలుపుకొనిరి. వెనుక వచ్చిన చిన్నవారు వానికి వ్యాకరణమును సమకూర్చిరి. పిల్లలేమి చెప్పుకొనుచున్నారో ఉపాధ్యాయులకు తెలియకుండెను. 1986లో అమెరికా భాషాశాస్త్రవేత్త జూడీ కెగ్ల్ అచటికి వెళ్లి, ఆ పిల్లలయొద్దనే కూర్చుండి ఆ భాషను పరిశీలింప మొదలిడెను.