విప్పడం తేలికే... బిగించడంలోనే ఉంది!

ఆదివారం పొద్దున్నే బజారుకెళ్దామని చూస్తే బండి వెనక టైరులో గాలి లేదు. సందు చివరి పంక్చరు షాపు సోమవారం దాకా తెరవరు. ఊరవతల షాపు దాకా అలాగే నెట్టుకెళ్తే ట్యూబు నలిగి చిరిగిపోతుంది. చక్రం ఒక్కటే విప్పి ఆటోలో పట్టుకెళ్తే..?

స్ప్లెండర్ లాంటి డ్రమ్ బ్రేకు బళ్లకైతే ఈ పని మనమూ చేసుకోవచ్చు. వీటిలో చైను జోలికి పోనక్కర్లేదు. చైనూ, అది తిరిగే పళ్లచక్రమూ బండికే ఉండిపోతాయి. టైరున్న చక్రం మాత్రం విడిగా వచ్చేస్తుంది. వెనక డిస్క్ బ్రేకున్న బండి అయితే మాత్రం తొలి ప్రయత్నం దానిమీద వద్దు.

ముందు ఇంజిను ఆపి తాళంచెవి జేబులో వేసుకోండి. సైలెన్సరు చల్లారనివ్వండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇరుసు నట్టు బాగా బిగుసుకుని ఉంటుంది. సెంటర్ స్టాండు వేశాక దానిమీద బలం చూపిస్తే బండి ఒరిగి మీద పడొచ్చు. అందుకే చక్రం నేలమీద ఉండగానే, ఇంట్లో ఒకరిని హ్యాండిల్ పట్టుకోమని, నట్టును కాస్త వదులు చేయండి. ఆ తర్వాతే చదునైన గట్టి నేలమీద స్టాండు వేయండి.

ఇక వరసగా... బ్రేకు రాడ్డు చివరి నట్టు తీసి రాడ్డును ముందుకు లాగాలి. దాని స్ప్రింగు, చిన్న పిన్ను తిరిగి రాడ్డుకే తొడిగేస్తే ఎక్కడా పోవు. బ్రేకు ప్లేటును బండికి పట్టి ఉంచే ఇనప పట్టీని టార్క్ ఆర్మ్ అంటారు. దాని నట్టుకున్న స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు విప్పాలి. చివరగా ఇరుసు నట్టు పూర్తిగా తీసి ఇరుసును లాగేయాలి. అప్పుడు బుష్షు జారి పడుతుంది. అది ఏ పక్కదో గుర్తుంచుకోండి. చక్రాన్ని చైనుకు ఎదురు పక్కకి జరిపితే పళ్లచక్రాన్ని వదిలేస్తుంది. తోడున్నవాళ్లు బండిని కొంచెం వాలిస్తే బయటికొస్తుంది.

తీసిన ప్రతి ముక్కనీ పాత పేపరు పరిచి, తీసిన వరసలోనే పెట్టండి. మొబైల్లో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. డ్రమ్ములోని నల్లటి దుమ్మును నోటితో ఊదొద్దు. ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవండి. బ్రేకు లైనర్లకు నూనె, గ్రీజు తగలనివ్వకండి.

అసలు పరీక్ష బిగించేటప్పుడే. టార్క్ ఆర్మ్ నట్టు మరిచిపోయారనుకోండి... బ్రేకు నొక్కగానే ప్లేటు కూడా చక్రంతోపాటు తిరగబోతుంది. రాడ్డు మెలిపడి, చక్రం ఉన్నట్టుండి పట్టేయొచ్చు. వెనక సీట్లో భార్య, ముందు ట్యాంకు మీద పిల్లాడు ఉన్నప్పుడు అలా జరిగితే? ఆ నట్టు ఊడకుండా కాపాడేది వేలెడైనా లేని ఆ స్ప్లిట్ పిన్నే. పాతదాన్ని మళ్లీ వంచి వాడకుండా కొత్తది పెట్టండి.

చైను సర్దే గీతలు రెండు పక్కలా ఒకే అంకె దగ్గర ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. చైను ఎంత వదులుండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇరుసు నట్టు గట్టిగా బిగించి, బ్రేకు సరిచేసి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ఆ పనికి ఇంజిన్ని మాత్రం స్టార్ట్ చేయొద్దు. చైనులో వేళ్లు పడితే అంతే సంగతులు. తర్వాత ఒంటరిగా, నెమ్మదిగా సందులో ఓ చుట్టు తిరిగి బ్రేకు చూసుకోండి. వచ్చాక నట్లన్నీ మరోసారి చూడండి. మొదటిసారి కాబట్టి, తెలిసిన మెకానిక్‌కి ఓసారి చూపించినా నామోషీ లేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. అంతా బిగించాక పేపరు మీద ఒక్క వాషరు మిగిలినా... ఆ బండి గేటు దాటకూడదు!