చేపల తొట్టెకు దుర్వాసన యేల?

గాజుతొట్టెలో ఈదులాడు రంగురంగుల చేపలను చూచుట పిన్నలకును పెద్దలకును వేడుకయే. కాని యొక్కొక్కప్పుడు తొట్టె దరికి పోగానే ముక్కు మూసికొనవలసి వచ్చును. నీరు మసకబారియుండును, దుర్వాసన గదియంతయు వ్యాపించియుండును. అప్పుడు ఇంటివారు సాధారణముగా చేయు పని యిది: చేపలను ఒక గిన్నెలో వేసి, నీరంతయు పారబోసి, గులకరాళ్లను సబ్బుతో తోమి, తొట్టెను తళతళలాడునట్లు కడిగి, కుళాయినీటితో నింపుదురు. వాసన పోవును. కాని కొలది దినములలోనే చేపలు ఒక్కొక్కటిగా చచ్చి నీటిపై తేలును. ఇంత శుభ్రము చేసినను చేపలేల చచ్చినవి? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినగాని దుర్వాసనను పోగొట్టు సరియైన మార్గము తెలియదు.

తొట్టెనీరు చెడుట నేటి చిక్కు కాదు. లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడుండెను. నీటిని మార్చకుండగనే చేపలను బ్రతికింపవచ్చునేమో చూడవలెనని 1849వ సంవత్సరమున ఆయన యొక పరీక్ష ప్రారంభించెను. 12 గ్యాలనులు పట్టు గాజుపాత్రలో ఇసుకయు రాళ్లును పరచి, నీరు పోసి, రెండు బంగారు చేపలను విడిచెను. పట్టీలవంటి పొడవైన ఆకులుగల వాలిస్నేరియా యను నీటిమొక్కను అందు నాటెను. మొక్క వెలుతురులో ప్రాణవాయువును విడుచును; చేపలు దానిని పీల్చుకొనును. ఈ పొత్తు చక్కగా సాగునని ఆయన తలచెను. కాని కొంతకాలమునకు ముదురుటాకులు కుళ్లి నీరు కలుషితము కాజొచ్చెను.

వారింగ్టను నీటిని పారబోయలేదు. కుళ్లును తినివేయు ప్రాణి యేదియని యోచించి, చెరువులలోని నత్తలను కొన్నింటిని తెచ్చి పాత్రలో విడిచెను. అవి కుళ్లిన ఆకులను తినివేసెను; నీరు తేటపడెను. నత్తల గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను. ఈ విషయమును ఆయన 1850వ సంవత్సరమున లండనులోని రసాయనశాస్త్ర సంఘమునకు నివేదించెను. వాసనను గాక, దానికి కారణమైన కుళ్లును తొలగింపవలెనని ఈ పరీక్ష మనకు బోధించుచున్నది.

అయితే తొట్టెలో నత్తలకంటెను ముఖ్యమైన పాకీపనివారు కలరు. వారు మన కంటికి కానరారు. చేపలు తమ మొప్పలద్వారా అమోనియా యను విషపదార్థమును నీటిలోనికి విడుచుచుండును. తినగా మిగిలిన మేత కుళ్లినపుడును అదియే పుట్టును. ఇది కొద్దిగా నున్నపుడు మన ముక్కునకు తెలియదు. కాని చేపల మొప్పలను దహించివేయును. రాళ్లమీదను, ఇసుకలోను, నీటిని వడగట్టు స్పంజిలోను నివసించు ఒక జాతి సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మరియొక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు చేపలకు అంతగా హాని చేయదు; మొక్కలకు ఎరువగును. ఈ సూక్ష్మజీవులను వేరుపరచి వాని పనిని 1890వ సంవత్సర ప్రాంతమున లోకమునకు తెలిపినవాడు రష్యాదేశీయుడగు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. సబ్బును, కుళాయినీటిలోని క్లోరినును ఈ సూక్ష్మజీవులను చంపివేసినవి. అవి మరల వృద్ధిపొందుటకు ఇంచుమించుగా ఒక నెల పట్టును. ఈలోపున అమోనియాను మార్చువారు లేరు. తళతళలాడు తొట్టెలోనే చేపలు విషమునకు గురియైనవి. క్లోరిను వానికిని కీడే చేసినది.

కనుక దుర్వాసన వచ్చినపుడు మొదట దాని జాడ తీయవలెను. చచ్చిన చేప రాతిచాటున పడియున్నదేమో వెదకవలెను. కుళ్లిన ఆకులను, అడుగున పేరుకొనిన మేతను తీసివేయవలెను. కుళ్లిన కోడిగ్రుడ్డువంటి వాసన వచ్చినచో, మందముగా పరచిన ఇసుకలో గాలి సోకనిచోట విషవాయువు పుట్టినదని గ్రహింపవలెను. అట్టి ఇసుకను ఒక్కసారి కలియబెట్టరాదు. కొంచెము కొంచెముగా, పలు దినములలో శుభ్రము చేయవలెను. తొలకరివాన కురిసినపుడు లేచునట్టి మట్టివాసన సన్నగా వచ్చినచో భయపడనక్కరలేదు. ఆరోగ్యవంతమైన తొట్టెకు అది సహజమే.

పిమ్మట రబ్బరుగొట్టముతో అడుగుమురికిని లాగివేయుచు నాలుగవవంతు నీటిని మాత్రమే తీయవలెను. 40 లీటర్ల తొట్టెకు 10 లీటర్లు చాలును. విద్యుత్తుతో నడచు పరికరములున్నచో తొట్టెలో చేయిపెట్టుటకు ముందే వానిని ఆపి, తీగను ఊడదీయవలెను. స్పంజిని కుళాయిక్రింద కడుగరాదు. తీసిన తొట్టెనీటిలోనే మెల్లగా పిండి మరల అమర్చవలెను. క్రొత్తగా పోయు నీటిని ముందుగా వెడల్పాటి పాత్రలో ఒక దినము నిలువయుంచినచో క్లోరిను చాలవరకు గాలిలో కలిసిపోవును. తొందర యున్నవారు చేపల అంగళ్లలో దొరకు హైపో యను మందును చెప్పిన మోతాదున కలుపుకొనవచ్చును. తీసిన నీటిని పారబోయ నేల? అందు నైట్రేటు ఉన్నది. పూలకుండీలకు పోసినచో మొక్కలు ఏపుగా పెరుగును.

బొగ్గుపొడి అమర్చిన వడపోత వాసనను కొంత పీల్చుకొనును. కాని కారణమును అట్లేయుంచి వాసనను మాత్రము అణచినచో ప్రయోజనము లేదు. నత్తలును మితిమీరినచో వాని మలముచేతనే నీరు చెడును.

ఇన్ని పాట్లు పడుటకంటె వాసన రాకుండ చూచుకొనుటయే మేలు. చిన్న తొట్టెలో పెక్కు చేపలను కుక్కరాదు. రెండు మూడు నిమిషములలో తినివేయునంత మేత మాత్రమే వేయవలెను. చేపలు నోరు తెరచి పైకి వచ్చుచున్నవి గదాయని జాలిపడి గుప్పెళ్లతో మేత వేయుట దయ కాదు. తినగా మిగిలినదే వానికి విషమగును. వారమునకొకసారి కొంత నీటిని మార్చుచుండవలెను.

దుర్వాసన శత్రువు కాదు. రాబోవు ఆపదను ముందుగా తెలుపు దూత. దూత నోరు నొక్కక, ఆతడు తెచ్చిన వార్తను ఆలకింపవలెను. గాజుగోడల నడుమనున్న ఆ ప్రాణులు నీరు చెడినచో వేరొక చోటికి పోజాలవు. వాని బ్రదుకు మన వివేకముమీదనే ఆధారపడియున్నది.