పాలకుర్తి చెరువులో కయాక్ దించే ముందు

*రంగుల పడవ కొనుక్కుంటే వచ్చేస్తుంది. నీటి మీద హక్కు, వేటలో పనితనం, ప్రాణానికి భరోసా మాత్రం కట్ట దగ్గర ఆగి అడిగి సంపాదించుకోవాలి.*

మత్స్యశాఖ సిబ్బంది చేతిలో జాబితాతో చెరువు కట్ట మీద నిలబడి పేర్లు పిలుస్తుంటారు. పిలుపు అందుకున్న కుర్రాడు చొక్కా విప్పి నీళ్లలోకి దిగుతాడు. చెప్పిన దూరం ఈది వెనక్కి రావాలి. ఒడ్డు చేరగానే విసురు వల అందుకుంటాడు. సగం వల మోచేతికి వేసుకుని, మిగతాది వేళ్ల మధ్య పంచుకుని, నడుము తిప్పి ఒక్క విసురు. వల గుండ్రంగా విచ్చుకుని, అంచు గుండ్లన్నీ ఒకేసారి నీళ్లను తాకితే కట్ట మీద పెద్దలు తలూపుతారు. ముద్దగా పడితే ఫలితం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఊళ్లలో దీన్ని స్కిల్ టెస్ట్ అనే అంటారు. మత్స్య పారిశ్రామిక సహకార సంఘంలో కొత్తగా సభ్యత్వం కావాలంటే పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, ఈ పరీక్షలో నెగ్గాలి. ఈత, వల విసరడం, వల అల్లడం, తెప్ప నడపడం లాంటివే ఇందులో ప్రశ్నలు. జవాబులన్నీ నీళ్ల మీదే చెప్పాలి.

కయాక్ మీద చేపల వేట గురించి ఈ ఆదివారానికి ముఖచిత్ర కథనం అనుకున్నప్పుడు ముందు చూపంతా పడవ మీదే ఉంది. పొడవెంత, బరువెంత, ఏ చెరువులో దించొచ్చు అన్నవే ప్రశ్నలు. పాలకుర్తి వైపు చెరువుల సంగతి ఆరా తీయడం మొదలయ్యాక పడవ వెనకబడింది, ఈ పరీక్ష ముందుకొచ్చింది. కొత్తగా నీళ్లమీదికి వెళ్లే ఎవరికైనా ఏమేం రావాలో ఇంత సూటిగా చెప్పే కొలమానం మరొకటి కనిపించలేదు.

పరీక్షలో ఏముంది?

ఈత ఎందుకో వేరే చెప్పాలా అనిపిస్తుంది. కానీ చెరువులో ఈత వేరు. శిఖంలో తుమ్మ మోళ్లు మునిగి ఉంటాయి. ఒడ్డున జమ్ము కాళ్లకు చుట్టుకుంటుంది. పూడిక తీసిన చోట మోకాలి లోతు నీళ్లు ఒక్క అడుగులో నిలువు లోతవుతాయి. అన్నిటికంటే ప్రమాదం, పాత వల. నైలాన్ దారం నీళ్లలో కుళ్లదు, కంటికి కనిపించదు. కాలి వేలికి తగులుకున్నాక తన్నుకున్న కొద్దీ బిగుస్తుంది. చేపలు పట్టే వృత్తిలో ఉండి, ఈత బాగా వచ్చినవారు కూడా వల చుట్టుకుని చనిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తాయి.

వల అల్లిక రావడమంటే వలను అర్థం చేసుకోవడం. కన్ను ఎంత వెడల్పుంటే ఏ చేప చిక్కుతుంది, ఏ పిల్ల దాటిపోతుంది అన్నది అల్లినవాడికి చేతివేళ్లతో తెలుస్తుంది. పిల్లలు దాటిపోయే కన్ను పెట్టినవాడికే వచ్చే ఏడాది చేప దొరుకుతుంది.

ఇక తెప్ప. మన చెరువుల మీద ఏళ్ల తరబడి తిరుగుతున్న ఒంటరి మనిషి పడవ ఇదే. థర్మాకోల్ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, యూరియా సంచులనో టార్పాలిన్ పట్టానో చుట్టి, నైలాన్ తాడుతో బిగిస్తారు. మనిషి దానిమీద కాళ్లు మడుచుకుని కూర్చుంటాడు. ఒక్కో చేత్తో ఒక చిన్న చెక్కముక్క పట్టుకుని నీళ్లను వెనక్కి తోస్తూ సాగుతాడు. వల ఒళ్లో ఉంటుంది, పట్టిన చేప వెనక సంచిలో ఉంటుంది.

లెక్క వేస్తే ఇందులో శాస్త్రం కనిపిస్తుంది. థర్మాకోల్‌లో దాదాపు 98 శాతం గాలే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఎనిమిది అంగుళాల మందం ఉన్న దిమ్మె తేలుతూ మోయగల బరువు మూడు వందల కిలోలకు పైనే. ఒక మనిషి, తడిసిన వల, చేపల సంచి అన్నీ కలిపినా అందులో సగం ఉండదు. మనిషి నీటి మట్టానికి దగ్గరగా కూర్చోవడంతో తెప్ప అంత తేలిగ్గా తిరగబడదు. బయటి దేశాల్లో వేటకు వాడే కయాక్‌ను కూడా ఈ సూత్రం మీదే చేస్తారు. పైన కూర్చునే రకం, వెడల్పాటి అడుగు, బరువు కిందికి ఉండేలా ఆసనం. తేడా ముడిసరుకులోనూ ధరలోనూ ఉంది.

తెప్పకు లోపాలూ ఉన్నాయి. పట్టా చిరిగితే థర్మాకోల్ పూసలు రాలి నీళ్లంతా పరుచుకుంటాయి. అవి కరగవు, చేపలు మేత అనుకుని మింగుతాయి. గాలి తిరిగితే తెప్పను అదుపు చేయడం కష్టం. పైగా తెప్ప మీద లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి కనిపించడం అరుదు. ఈ చివరి లోపాన్ని రేపే సరిదిద్దవచ్చు.

పడవల కథ, చెరువుల కథ

ఆర్కిటిక్ తీరాల్లో సీల్ చర్మంతో కట్టుకున్న వేట పడవ నుంచి కయాక్ పుట్టింది. పైన కూర్చునే రకం 1970ల్లో అమెరికాలో మొదలైంది. 1997లో హోబీ సంస్థ కాళ్లతో తొక్కే ఏర్పాటు తెచ్చాక గాలం వేసేవారికి చేతులు ఖాళీ అయ్యాయి. ఇటు ఓరుగల్లు సీమలో కాకతీయుల కాలానికే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు నిండాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం చెరువుల పూడిక తీసింది. 2016-17లో ప్రభుత్వం నూరు శాతం రాయితీతో చెరువుల్లో చేపపిల్లలను వదలడం మొదలుపెట్టింది. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు జనగామ జిల్లా చెరువులకు చేరాయి. 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలోదే.

చేప ఎవరిది?

చెరువు చూడ్డానికి ఊరందరిది. అందులోని చేప మాత్రం సంఘానిది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలు సభ్యులుగా ఉన్న సంఘం చెరువును లీజుకు తీసుకుంటుంది. వానలు పడి నీళ్లు చేరాక బొచ్చె, రవు, మోసు, బంగారు తీగ పిల్లలను వదులుతుంది. వేలెడు పిల్ల కిలో బొచ్చె కావడానికి ఏడాది దాకా పడుతుంది. అంతకాలం కాపలా కాసేది, తూము దగ్గర జాలీ కట్టేది, మత్తడి దూకినప్పుడు చేప కొట్టుకుపోకుండా వల అడ్డం పెట్టేది సభ్యులే. ఎండాకాలం నీళ్లు తగ్గాక పెద్ద వల లాగి, వచ్చినదాన్ని పంచుకుంటారు.

అలాంటి చెరువులోకి నగరం నుంచి ఒకరు కారు మీద కయాక్ కట్టుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా గాలం వేస్తే సభ్యులకు కోపం రావడం న్యాయమే. సరదాకు పట్టిన రెండు కిలోల బొచ్చె వెనక ఒక కుటుంబం ఏడాది ఎదురుచూపు ఉంది. పట్టి వదిలేస్తున్నాం కదా అన్న సమాధానం కూడా చాలదు. గాలం నోట్లో లోతుగా దిగిన చేప, ఎండలో ఎక్కువసేపు నీటి బయట ఉన్న చేప వదిలినా బతకకపోవచ్చు.

సంఘంతో ముందే మాట్లాడుకుంటే ఈ గొడవే ఉండదు. రోజుకు ఇంత అని రుసుము, ఏ వైపు వేయాలో హద్దు, ఏ చేప తీసుకోవచ్చో ఏది వదలాలో ఒప్పందం, తోడుగా ఒక సభ్యుడు. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టులో చుట్టుపక్కల ఊళ్ల యువకులు శిక్షణ తీసుకుని పర్యాటకులను కయాక్ ఎక్కించారు. హైదరాబాద్ దుర్గం చెరువులోనూ కయాక్‌లు తిరిగాయి. అక్కడ అది విహారం. జనగామ జిల్లా చెరువుల్లో వేటకు అదే పద్ధతి పెడితే, ఆ రుసుము నేరుగా వల పట్టిన కుటుంబాలకు చేరుతుంది.

జమ్ము అంచున కొర్రమీను

కయాక్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. నడిచి వెళ్లలేని, పెద్ద పడవ దూరలేని జమ్ము అంచు. అక్కడే తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఉంటుంది. ఊళ్లలో చాలామందికి అది కొర్రమట్ట.

ఇది మొప్పలతో పాటు గాలి కూడా పీల్చే చేప. కొంతసేపటికొకసారి పైకొచ్చి ఒక గుక్క పీల్చి వెళ్లాల్సిందే. తెడ్డు ఆపి కదలకుండా కూర్చుంటే నీటి మీద ఒక చిన్న సుడి విచ్చుకుని మాయమవుతుంది. అనుభవం ఉన్నవాడు ఆ సుడిని బట్టి చేప సైజు, అది తలపెట్టిన దిక్కు చెబుతాడు. కప్ప బొమ్మ ఎరను సుడికి రెండు మూడు గజాల అవతల వేసి మెల్లగా లాగితే చేప వెంటపడుతుంది.

వానాకాలంలో మరో దృశ్యం కనిపిస్తుంది. నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు ఒకటి బుడబుడమంటూ తేలి మునుగుతుంది. దాని కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. గుడ్ల నుంచీ పిల్లలదాకా వదలకుండా కాసే జాతి ఇది. ఆ గుంపు మీద ఎర పడితే కాపలా చేప కోపంతో వచ్చి కొడుతుంది. గాలానికి అంత సులువుగా చిక్కే సమయం ఇంకొకటి ఉండదు, కొందరు దాన్నే గొప్పగా చెప్పుకుంటారు. అది వేట కాదు. కాపలా చేపను లాగేస్తే కాసేపట్లో పిల్లలన్నీ జెల్లల పాలో కొంగల పాలో అవుతాయి. పిల్లల గుంపు కనిపిస్తే కయాక్‌ను పక్కకు తిప్పడమే సరైన పని.

మిగతా చేపలకు లోతు తెలియాలి. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రవు మధ్యలో, మోసు అడుగున. బెండు నుంచి గాలం దాకా దారం పొడవు దాన్ని బట్టే పెట్టుకోవాలి. తవుడు పిండి ముద్ద, ఎర్రలు ఇప్పటికీ చక్కగా పనిచేస్తాయి. ఖరీదైన ఎరలు కొనాల్సిన అవసరం లేదు.

బాక్స్ 1: కొత్తగా దిగేవారికి

- లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. ఈల మెడలో ఉండాలి.
- మొదటి రోజు గాలం ఇంట్లోనే వదిలేయండి. కట్ట దగ్గర లోతు తెలిసిన చోట పడవను కావాలని తిరగేసి, మళ్లీ ఎక్కడం నేర్చుకోండి. పడవ మధ్య భాగం పట్టుకుని, కాళ్లు ఆడిస్తూ పొట్టమీద ఎక్కి, తర్వాత తిరిగి కూర్చోవాలి.
- లంగరు ముందు కొసకో వెనక కొసకో వేయాలి. పక్క నుంచి వేస్తే గాలికి పడవ తిరగబడుతుంది.
- వరుసగా తేలే థర్మాకోల్ ముక్కలు, ఖాళీ నీళ్ల సీసాలు కనిపిస్తే కింద వల ఉన్నట్టే. దాని మీదుగా వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్లండి. సాయంత్రం కట్టిన వలను తెల్లవారుజామున తీస్తారు, ఆ వేళ దారి వదలండి.
- తెగిన గాలం దారాన్ని నీళ్లలో పడేయొద్దు. అది ఇంకో మనిషి కాలికి చుట్టుకుంటుంది.
- ఉరుము వినపడితే వేట ఆపి ఒడ్డుకు వచ్చేయండి.

బాక్స్ 2: ఇక్కడ వద్దు

- తూము దగ్గర, మత్తడి దూకుతున్నప్పుడు మత్తడి దగ్గర. లాగే నీటి ముందు తెడ్డు పనిచేయదు.
- పాకాల చెరువు వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. మొసళ్లున్న నీళ్లు. అటవీ శాఖ అనుమతి లేకుండా వేట మాట ఎత్తకూడదు.
- మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరమంది. అలా జరుగుతుంటే చూసి ఊరుకోకండి, సంఘానికి చెప్పండి.

బాక్స్ 3: మృగశిర రోజు

జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో ఇంటింటా చేపల కూరే. హైదరాబాద్‌లో బత్తిన కుటుంబం పంచే చేప మందుకు కొర్రమీను పిల్లనే వాడతారు. ఆ రోజుల్లో చెరువు దగ్గర బేరాలు, తూకాలు, పంపకాలతో సంఘానికి ఊపిరాడదు. కయాక్‌తో వెళ్లి సరదా వేటకు అనుమతి అడిగే సమయం అది కాదు.

ఏం చేయాలి?

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బీమా ఉన్న మత్స్యకారుడు ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. అది అవసరమే. అయితే ఆ పరిహారం అవసరం పడకుండా చూసే వస్తువు లైఫ్ జాకెట్. చేపపిల్లలు, వలలు, మోపెడ్లు రాయితీ మీద ఇచ్చినట్టే, స్కిల్ టెస్ట్ నెగ్గిన ప్రతి సభ్యుడికీ సభ్యత్వ కార్డుతో పాటే ఒక జాకెట్ ఇవ్వాలి. థర్మాకోల్ రాలని, పక్కకు ఒరగని చిన్న పడవలను సంఘాలకు రాయితీపై ఇవ్వాలి. వాటినే సెలవు రోజుల్లో వచ్చినవారికి అద్దెకిచ్చుకునే వీలు సంఘాలకే ఉండాలి, బయటి గుత్తేదారుకు కాదు.

కయాక్ కొన్నవారికి, కొనాలనుకుంటున్నవారికి ఒక మాట. పాలకుర్తి చుట్టుపక్కల ఏ చెరువుకు వెళ్లినా ముందు ఆ ఊరి మత్స్య సంఘం అధ్యక్షుణ్ని కలవండి. రుసుము కట్టి రశీదు తీసుకోండి. వెళ్లేటప్పుడు రెండు లైఫ్ జాకెట్లు పట్టుకెళ్లండి. ఒకటి మీకు, రెండోది తెప్ప మీద మీకు దారి చూపే మనిషికి.