మర్ఫా: వలసజనుల లయ

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పెండ్లి ఊరేగింపులలో వినవచ్చు మర్ఫా వాద్యమునకు మూలములు తూర్పు ఆఫ్రికాలోను, యెమెన్‌లోని హద్రమౌత్‌లోను గలవు. నిజాముల కొలువునకు వచ్చిన సిద్దీలు, అరబ్బులు దీనిని హైదరాబాదునకు తెచ్చిరి. సిద్దీల ఆశ్వికదళము పేరు నేటికిని ఏ.సీ. గార్డ్స్ పేటగా నిలిచియున్నది. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప ఆ దళము రద్దయ్యెను. కొలువు పోయినను కళ పోలేదు. మర్ఫా, డఫ్, ఢోలు చేతబూని వారు పెండ్లి మేళములైరి.

కంబోడియా శరణార్థులు 1979 తరువాత థాయి సరిహద్దు శిబిరములలో నాట్యమును పిల్లలకు నేర్పి నిలుపుకొనిరి. ఇచట కళను నిలిపినది ముఖ్యముగా పెండ్లి సంపాదనయే. అయితే మేళమును పిలుచువారికి లయ చాలును, పాట అక్కరలేదు. అడుగనిది క్రమముగా మరపున పడును. కావున వృద్ధుల నోటనున్న పాటలను, వాని అర్థములతో గూడ, ధ్వనిముద్రణ చేయుట పరిశోధకుల తక్షణకర్తవ్యమని మేము తలంచుచున్నాము.