పువ్వు ఒకటి, అచ్చులు పెక్కు

మచిలీపట్టణపు కలంకారీ దుప్పటిపై విరిసిన పువ్వు మన కంటికి ఒక్కటే. పెడనలో అచ్చులు చెక్కు పనివాడు దానిని రంగుల వారీగా విడదీయును. సన్నని రేఖల కొక టేకు అచ్చు, రేకుల నిండు రంగునకు వేఱొకటి, నేలకు మఱియొకటి.

కరక్కాయ కషాయమున పాలు కలిపి తడిపి యారవేసిన బట్టపై మొదట రేఖల అచ్చు పడును. బెల్లపు నీట పాత యినుమును పులియబెట్టిన ద్రవము కరక్కాయతో గూడి నల్లనగును. ఎఱుపు రావలసిన చోట రెండవ అచ్చుతో అద్దునది పటిక. బట్టను పాఱు నీట జాడించి ఎఱ్ఱరంగుతో కాచినపుడు, పటిక తాకిన తావులనే ఎఱుపు స్థిరముగా నిలుచును. అద్దు చేయి తొలగినచో రంగు గీత దాటును. మరల దిద్ద వీలుండదు.

తెరముద్రణమునను రంగునకొక తెర కలదు. అది త్వరితము, చౌక. కావున కొనునపుడు బట్టను వెలుతురున విప్పి, ఒకే పువ్వును నాలుగు తావుల పోల్చి చూడుడు. రంగు ఒకచోట గీతను రవంత దాటి, మఱియొకచోట రవంత తగ్గుట చేతి అచ్చునకు గుఱుతు. దానిని లోపముగా నెంచి వెల తగ్గింపుమని బేరమాడకుడు.