గొంతునొప్పి నుంచి గుండెజబ్బు దాకా

పిల్లలకు గొంతునొప్పి వస్తే మనలో చాలామంది ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పి ఊరుకుంటాం. చాలా గొంతునొప్పులు వాటంతటవే తగ్గుతాయి కూడా. కానీ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చేది కొందరి గుండెకే ముప్పు తెస్తుంది.

క్రిమి ఒంట్లో చొరబడగానే రోగనిరోధక వ్యవస్థ దాని ఆనవాళ్లు పట్టుకుని యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఈ బ్యాక్టీరియా పైపొరలోని ‘ఎం’ ప్రోటీన్‌కూ, మన గుండె కండరంలోని మయోసిన్‌కూ కొంత పోలిక ఉంది. దొంగను తరుముతూ, అలాంటి చొక్కానే తొడుక్కున్న ఇంటివాణ్ణి కొట్టినట్టు, క్రిమిపైకి వెళ్లాల్సిన దాడి సొంత గుండెపైకి మళ్లుతుంది. దీన్నే ఆటోఇమ్యూనిటీ అంటారు.

గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, ఒక కీలు తగ్గి మరో కీలు వాయడం మొదలవుతాయి. ఇదే రుమాటిక్ జ్వరం. 5–15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. కీళ్లనొప్పులు తగ్గిపోతాయి; గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మాత్రం మిగిలిపోవచ్చు. ఏళ్ల తరువాత ఆయాసంగా బయటపడుతుంది. గర్భిణులకు ప్రాణాపాయం కూడా.

నివారణ మన చేతిలో ఉంది. గొంతునొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెట్టినా ఈ జ్వరాన్ని ఆపవచ్చు. ఒకసారి జ్వరం వచ్చినవారు 3–4 వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి తీసుకోవాలి. బిడ్డ బాగానే ఉన్నాడు కదా అని మానేస్తే జ్వరం తిరగబెట్టి కవాటాలు మరింత చెడతాయి.

మరి టీకాలతోనూ ఇలా జరుగుతుందా అని కొందరు అడుగుతున్నారు. అరుదుగా జరిగింది. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా వేయించుకున్నవారిలో లక్షకు సుమారు ఒకరికి, మామూలుగా వచ్చేవారికి అదనంగా, కాళ్లూచేతులూ చచ్చుబడే గిలాన్-బారే జబ్బు వచ్చింది. అక్కడి ప్రభుత్వం ఆ టీకాను ఆపేసింది. అయితే ఫ్లూ సోకినా, కాంపైలోబాక్టర్ విరేచనాలు పట్టుకున్నా ఇదే జబ్బు రావచ్చు. నేటి ఫ్లూ టీకా కన్నా ఫ్లూ వల్లే ఆ ముప్పు ఎక్కువ. కాబట్టి భయంతో పిల్లల టీకాలు మానకండి. సందేహముంటే డాక్టరును అడగండి.

కవాటం మార్చే ఆపరేషన్‌కు లక్షలు కావాలి. ఇంజెక్షన్ ఖరీదు దాని ముందు ఏపాటిది? అయినా నెలనెలా ఆసుపత్రికి వెళ్లాలంటే ఆటో ఛార్జీ, ఒకరోజు కూలీ పోతాయి. పేద తల్లి వెనకాడేది అక్కడే. ఆపరేషన్‌కు సాయం అడిగితే ఉదారంగా ఇచ్చే మనం, ఆ ఆటో ఛార్జీనీ దానంగానే లెక్కిద్దాం. ఒక బిడ్డ గుండెను కాపాడేది అదే కావచ్చు.